24 ఏండ్లు నిదురించిన బండి

మోటారుబండిని గూర్చి వ్రాయబూనిన మమ్ము జూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే మాకు మనుచరిత్రమును, వసుచరిత్రమును చెప్పిరి గాని పానా పట్టుట నేర్పలేదు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథము తోలిన కథ చదివినపుడు ఆ రథమెంత వేగముగా బోయెనో తెలిసికొంటిమి గాని, దాని యిరుసులకు చమురు పెట్టినవారెవరో యని యడుగ మాకు తోచలేదు. ఇప్పుడు తోచుచున్నది.

మా వారు గణితోపాధ్యాయులు. ఉద్యోగరీత్యా 2011వ సంవత్సరమున మేము ఇంగ్లండు దేశమునకు వచ్చి, ఆక్స్‌ఫర్డునకు దక్షిణమున థేమ్సు నది యొడ్డున నున్న ఆబింగ్డను అను చిన్న పట్టణమున కాపురము పెట్టితిమి. ఈ యూరికి ఒకప్పుడు లోకమంతట పేరు తెచ్చినది ఎం.జీ. మోటారు కర్మాగారము. ఆక్స్‌ఫర్డులో సైకిళ్లపనితో జీవనము మొదలిడిన విలియం మారిస్ అనునతని 'మారిస్ గరాజి'లో పుట్టిన బండ్లగుటచే వానికి ఆ రెండక్షరములు పేరయ్యెను. కర్మాగారము 1929లో ఇచ్చటికి వచ్చి 1980 అక్టోబరులో మూతబడెను. ఇచ్చట తయారైన వానిలో ఎం.జీ.బీ. యను రకము 1962లో వెలువడి, కర్మాగారము మూతబడువఱకు సాగెను. ఐదు లక్షలకు పైగా తయారయ్యెను. ఇద్దరు కూర్చుండు చోటు, మడిచి వెనుకకు వేయదగిన గుడ్డ కప్పు, నేలకు చేరువగా నుండు ఆసనములు. సామాను మోయుటకు గాని సంసారము మోయుటకు గాని చేసినది కాదు. పరుగు కొరకు చేసినది.

అట్టి బండి ముగ్గురున్న మా యింటికేల యని మేమును అడిగితిమి.

2023 ఆగస్టు నెలలో, మా వీథికి రెండు వీథుల ఆవల నొక వృద్ధురాలు గతించిన తమ భర్తగారి బండిని అమ్మజూపుచున్నారని తెలిసి చూడబోతిమి. 1972లో తయారైన ఎఱ్ఱని ఎం.జీ.బీ. 1999 శరదృతువున, క్లచ్చి కొంచెము పట్టుచున్నదనియు, వచ్చే వారము బాగుచేసికొందుననియు చెప్పి ఆయన దానిని షెడ్డులో నిలిపిరట. ఆ వచ్చే వారము 24 ఏండ్లు రాలేదు. "నిలిపిననాడు చక్కగా నడచుచుండెనమ్మా" అని ఆమె మాతో ననిరి. ఆ మాటలో అబద్ధము లేదు. నిలిపిననాడు నడచిన బండి నేడును నడచునని మేమనుకొనుటలోనే యున్నది లోపమంతయు.

దుప్పటి తొలగింపగా దుమ్ము లేచెను. ఎడమ యాసనమున ఎలుక గూడుండెను. కాని ముందరి వెండిమెరుగు బంపరు మసక వెలుతురులో తళుక్కుమనెను. మా వారు మాటాడలేదు. పెండ్లిచూపులనాడును ఆయన ఇట్లే మౌనముగా నుండిరి గనుక ఫలితము మాకప్పుడే తెలిసినది. 3,500 పౌనులకు బేరము కుదిరెను. తెనాలిలో నున్న మా తల్లిగారిని చూచి వచ్చుటకై రెండేండ్లుగా కూడబెట్టిన సొమ్ములోనిది ఆ మొత్తము. శీతకాలపు సెలవులలోపల మరల కూడబెట్టుదమని మా వారనిరి. మేమును సరే యంటిమి. కావున దోషము ఆయన యొక్కరిదే యని చెప్పవీలులేదు.

చీరె కొనునపుడు కొంగు విప్పి, వెలుతురునకు పట్టి, అంచు తిరుగవేసి చూచు అలవాటు మాది. అట్టి మేము 3,500 పౌనుల వస్తువును పైమెరుగు చూచి కొంటిమి. క్రిందికి వంగి చూడలేదు. దీని ఫలము ముందు చెప్పెదము.

బండిని ఇంటికి తెచ్చుటయే యొక ప్రయాసమయ్యెను. వెనుకచక్రములు తిరుగలేదు. డ్రమ్ములలోని బ్రేకు పట్టీలు తుప్పుపట్టి డ్రమ్ములకే యంటుకొని పోయినవి. మీట వేసి ఈడ్చి లారీపై కెక్కించిరి. టైరులు చూచుటకు కొత్తవానివలెనే యుండెను గాని, వాని ప్రక్కన ముద్రించిన అంకెలు వేఱుమాట చెప్పినవి. సోదరీమణులు ఇది గుర్తుంచుకొనదగినది: ప్రతి టైరు ప్రక్కను అది తయారైన వారమును సంవత్సరమును అంకెలలో ముద్రింతురు. 2000వ సంవత్సరము మొదలు నాలుగంకెలు; అంతకు ముందువానికి మూడే యంకెలు. మా టైరులపై 346 అని యుండెను. అనగా 1996లో 34వ వారము. గాడులు ఎంత లోతుగా నున్నను, అన్నియేండ్ల రబ్బరు గట్టిపడి నేలను పట్టుకొనదు. నాలుగును మార్చితిమి.

మా వారు కొత్త బ్యాటరీలు తెచ్చిరి. బ్యాటరీలని బహువచనమున వ్రాయుట పొరపాటు కాదు. ఈ రకపు బండ్లలో 1974 వఱకు ఆసనముల వెనుక 6 వోల్టుల బ్యాటరీలు రెండు దాగియుండును. ఆ సాయంకాలమే తాళము త్రిప్పవలెనని ఆయన వేగిరపాటు. ఆ సమయమున పొరుగింటి వృద్ధుడొకరు కంచెమీదుగా తొంగిచూచి "ఆగుడు" అనిరి. యౌవనమున ఆ కర్మాగారముననే పనిచేసి, అది మూతబడిననాడు బయటికి వచ్చినవారాయన. మా అమ్మాయి ఆయనను తాతగారని తెలుగుననే పిలుచును, ఆయనయు పలుకుదురు.

తాతగారు చెప్పిన కారణము మాకు నచ్చినది. ఇంజను లోపల పిస్టనులు సిలిండరుల గోడలను రాచుకొని పైకిని క్రిందికిని పోవుచుండును. నడుమ నూనెపొర యున్నంతకాలము బాధలేదు. ఏండ్ల తరబడి నిలిచిన బండిలో ఆ నూనె జారి క్రిందికి పోవును. గోడలకు తేమ పట్టి సన్నని తుప్పు లేచును. అప్పుడు తాళము త్రిప్పి ఒక్కసారిగా బలవంతపెట్టినచో పిస్టను కంకణములు విఱుగును, గోడలు చీరుకొనిపోవును. కావున నాలుగు ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క రంధ్రమున చెంచాడు నూనె పోసి, వారము దినములు వదలిపెట్టితిమి. ప్రతిదినము మా వారు బడినుండి వచ్చి, ముందరి మరకు పానా తగిలించి చేతితో మెల్లగా నొక్కి చూచెడివారు. ఐదవ దినమున పానా అంగుళము కదలెను. ఏడవనాడు ఇంజను పూర్తిగా నొక చుట్టు తిరిగెను. ఇంటిలో పాయసము వండితిమి.

ఇంతలో మరమ్మతు గ్రంథ మొకటి తెప్పించితిమి. పదములన్నియు కొత్తవి, బొమ్మలు చిక్కుగా నుండెను. మా వారు బొమ్మ చూచి పనికి దిగెడి స్వభావము గలవారు. మేమో పద్యమునకు అన్వయము కుదిరిన గాని ముందుకు పోని వారము. ఏది ముందూడదీయవలెను, ఏది తరువాత, ఏ మరకు ఎంత బిగువు అని వరుసగా నొక నోటుబుస్తకమున తెలుగున వ్రాసికొంటిమి. ఊడదీసిన ప్రతి మరను పచ్చడిసీసాలలో వేసి, పేరు వ్రాసిన చీటి యంటించితిమి. నెల గడచునప్పటికి మా వారు పానా చేతబట్టి "తరువాత నేమి?" అని మమ్ము అడుగుచుండిరి. ఈ సంగతి ఇంతకంటె వర్ణించుట మర్యాద కాదు.

పెట్రోలు టాంకి మూత తీయగా వచ్చిన వాసన పెట్రోలు వాసన కాదు, వార్నీషు వాసన. నిలువయున్న పెట్రోలులో తేలిక భాగము ఆవిరియై పోయి బంక మిగులును. ఆ బంక సన్నని రంధ్రములలో గట్టిపడును. ఈ బండికి జంట కార్బ్యురేటరులు. వానిని విప్పి, ద్రావకమున నానబెట్టి, మెత్తని గుడ్డతో తుడిచితిమి. వానిలో గిన్నె బోర్లించినట్లున్న మూత క్రింద నొక పిస్టను ఉండును. దానిని వ్రేలితో పైకెత్తి వదలినచో తడబడక జారి క్రింద 'టక్కు'మనవలెను. ఆ చప్పుడు రాకున్న మరల శుభ్రపరచవలసినదే. మూడుమారులు చేసితిమి. టాంకి లోపల తుప్పుపొరలు రాలుచుండుటచే దానిని పారవేసి కొత్తది కొంటిమి. రబ్బరు గొట్టములును మార్చవలసివచ్చెను. 2021 సెప్టెంబరు మొదలు ఇచ్చటి సాధారణపు పెట్రోలులో నూటికి 10 పాళ్ల వఱకు ఇథనాలు కలుపుచున్నారు. పూర్వపు రబ్బరును అది మెత్తబరచి పగులగొట్టును. పగిలిన గొట్టమునుండి వేడి ఇంజనుపై పెట్రోలు కారిన నేమగునో చెప్పనక్కరలేదు.

పెట్రోలును ముందుకు త్రోయు విద్యుత్పంపు కుడివైపు వెనుకచక్రమునకు చేరువ నుండును. తాళము త్రిప్పగనే అది టకటకమని కొట్టుకొని, కార్బ్యురేటరు గిన్నెలు నిండగనే యాగిపోవలెను. మాది మూగవోయి యుండెను. లోపలి స్పర్శబిందువులు కిలుము పట్టినవని తాతగారు గ్రహించి, కొయ్యతో మెల్లగా తట్టుడనిరి. మా వారు వంటయింటినుండి పప్పుగుత్తి తెచ్చి తట్టిరి, పంపు పలికెను. తరువాత విప్పి శుభ్రపరచితిమనుకొనుడు. పప్పుగుత్తి మాత్రము ఇప్పటికిని డిక్కీలోనే యున్నది. కుక్కరు ఈలలు లెక్కించు చెవికి ఈ పంపు భాష నేర్చుకొనుట కష్టము కాదు: వేగముగా కొట్టుకొని యాగిన క్షేమము; ఆగక కొట్టుకొనుచుండిన టాంకి వట్టిపోయినది, లేదా ఎచ్చటనో కారుచున్నది.

అక్టోబరులో నొక ఆదివారము. కొత్త నూనె పోసి, ప్లగ్గులు లేకయే సెల్ఫు త్రిప్పి, నూనె యొత్తిడి చూపు ముల్లు పైకి లేచువఱకు వేచి, అప్పుడు ప్లగ్గులు బిగించి తాళము త్రిప్పితిమి. రెండుమారులు దగ్గెను. మూడవమారు నల్లని పొగతో ఇంజను మేల్కొనెను. ఆ ధ్వని వినగనే మాకు శరీరము జలదరించెను. ఎక్కడనో విన్న ధ్వని! మా చిన్ననాట తెనాలి స్టేషను ముందు బారులు తీరియున్న అంబాసిడరు టాక్సీల ధ్వని. తాతగారి నడుగగా అది భ్రమ కాదనిరి. అంబాసిడరునకు మూలమైన మారిస్ ఆక్స్‌ఫర్డు బండి ఇచ్చటికి దగ్గరనున్న కౌలీలో పుట్టినదే. పూర్వపు అంబాసిడరులోని 1489 ఘనసెంటీమీటరుల ఇంజనును, దీనిలోని 1798 ఘనసెంటీమీటరుల ఇంజనును 'బీ' శ్రేణి యను ఒక్క వంశమునకు చెందినవి. మేనత్త గొంతు పరదేశమున విన్నట్లయ్యెను.

మా వారు ఆనందమున "అమ్మాయీ, ఎక్కుము, వీథి చుట్టి వత్తము" అనిరి. అమ్మాయి ఎక్కి కూర్చుండెను. మా వీథి థేమ్సు వైపునకు పల్లముగా దిగి పెద్దబాటలో కలియును. మేము నోటుబుస్తకము తెఱచి, బ్రేకులు చూడనిదే కదలరాదని వ్రాసికొన్న పుట చూపితిమి. వెనుకచక్రముల యంటు విడిపించితిమి గదా, పెడలు గట్టిగానే యున్నది గదా యని ఆయన వాదము. గట్టిగా మూడుమారులు త్రొక్కి చూపుడని మేమంటిమి. రెండుమారులు నిలిచెను. మూడవమారు పెడలు నేలదాక దిగిపోయెను. వెనుకచక్రము లోపలి చిన్న సిలిండరు పగిలి బ్రేకు ఆయిలంతయు నేలపాలయ్యెను. ఆ కాలపు ఈ బండికి నాలుగు చక్రములకును ఒకటే గొట్టపువరుస. ఒకచోట తెగిన నాలుగును పనిచేయవు. అమ్మాయి దిగివచ్చెను. మా వారు చాలసేపు మెట్లమీద కూర్చుండిరి. మేమును ఏమియు ననలేదు.

వానకాలమున మూత సరిగా పెట్టని ఉప్పు చెమర్చును గదా! బ్రేకు ఆయిలు స్వభావమును అట్టిదే. గాలిలోని తేమను తనలోనికి పీల్చుకొనును. ఆ తేమచే సిలిండరులు లోపలనుండి తుప్పుపట్టును, నూనె మరుగుస్థానము తగ్గును. అందుచే నడుచు బండిలోనైనను రెండేండ్ల కొకమారు మార్చవలయునందురు. చక్రములకు పోవు రబ్బరు గొట్టములు పైకి బాగున్నను లోపల ఉబ్బి పూడుకొని పోవును. అప్పుడు త్రొక్కిన బ్రేకు పట్టును గాని విడువదు. మాస్టరు సిలిండరు మొదలు చక్రములవఱకు అన్నియు కొత్తవి వేసితిమి. ముందుగా చేయవలసిన పనిని తుదకు చేసితిమి. బండిని నిలుపు శక్తి కుదిరిన పిదపనే కదలించు శక్తిని గూర్చి యాలోచింపవలసియుండెను. పాతబండి కొనువారికి మేము చెప్పదలచిన మాట ఇది యొక్కటియే.

క్లచ్చి సంగతి తేలికగా తీరెను. దాని పళ్లెము ఫ్లైవీలునకు తుప్పుతో నంటుకొని యుండెను. మార్చవలెనన్న ఈ రకపు బండిలో ఇంజనునే పైకెత్తి దింపవలయును. తాతగారి సలహాపై వెనుకచక్రములు నేలకు తగులకుండ దృఢమైన పీటలపై బండిని నిలిపి, గేరులో నుంచి ఇంజను నడిపించి, క్లచ్చి త్రొక్కిపట్టి ఒక్కసారి బ్రేకు వేయగా, 'ఠప్'మని యంటు వీడిపోయెను.

కాని పీటలపై నెక్కించునప్పుడే అసలు వ్రణము బయటపడినది. ఎం.జీ.బీ.కి క్రింద వేఱుగా చట్రము లేదు, ఒడలే చట్రము. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు పోవు పెట్టెవంటి ఇనుప దూలములు దాని బలము. వానిని వీరు సిల్ అందురు. మన గడప యన్నమాటయే. జాకీ తగిలించు చోటు ఆ గడప నడుమ నుండును. జాకీ లేపగా బండి లేవలేదు. అప్పడము విఱిగినట్లు చప్పుడై జాకీ గడపలోనికి దిగబడెను. తాతగారు గుడ్డచుట్టిన అయస్కాంతము తెచ్చి గడప పొడవునా తాకించిరి. చాలచోట్ల అది పట్టలేదు. నిలుపకముందే ఎవరో పనివారు, కుళ్లిన యినుముపై మందుముద్ద మెత్తి, దానిపై కొత్త రేకు కప్పి, రంగు పూసి పోయిరి. గడపకు పసుపు పూసిన లోపలి చెదలు కనబడకుండునే గాని పోవునా?

రెండుప్రక్కల గడపలు కోసి కొత్తవి వెల్డింగు చేయుటకు 2,600 పౌనులన్నారు. తెనాలి ప్రయాణపు సొమ్ములో మిగిలినదంతయు అదియే. మూడు దినములు ఇంట మాటలు లేవు. తిరిగి అమ్మివేయుదమని మా వారే తుదకనిరి. కొన్నవారికి గడపల సంగతి చెప్పి అమ్మిన కొన్నదానిలో సగము రాదు. చెప్పక అమ్ముట మాకు సమ్మతము కాదు. మా తల్లిగారికి ఫోనుచేసి ఈ యేడు రాలేమని చెప్పితిమి. కారణమును దాచలేదు. ఆమె కొంచెమాగి, "బండి నడిచినపుడు ఫొటో పంపుము" అనిరి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఒక యినుప వస్తువునకై తల్లిని చూచుట వాయిదా వేసికొంటిమను ములుకు ఇప్పటికిని పోలేదు. మరుసటి యేట వెళ్లి వచ్చితిమి గాని, పోయిన యేడు తిరిగి వచ్చునా?

గడపలకు కావలసిన రేకులు దొరకుట కష్టము కాలేదు. కర్మాగారము మూతబడినను పాత అచ్చులు కొన్ని నిలిచినవి. 1988 మొదలు వానితో ఈ బండికి కొత్త ఒడళ్లనే మరల తయారుచేయసాగిరి. వెల్డింగు జరుగునపుడు బండి నడుము వంగకుండుటకై తలుపుల సందులలో కొయ్యకమ్మీలు బిగింతురు. పనియైన పిదప తలుపు చక్కగా తెఱచి మూయబడినచో నడుము నిలిచినట్లే. పాతబండి చూడబోవు సోదరీమణులకు ఇదియొక పరీక్ష: ఒకప్రక్క జాకీతో లేపించి తలుపు తెఱచి చూడుడు. సందు మూసికొని తలుపు రాచుకొనెనా, బేరము మాని ఇంటికి పోవచ్చును.

40 ఏండ్లు దాటిన బండ్లకు ఇచ్చట 2018 మే నెలనుండి ఏటేటి పరీక్ష నిర్బంధము కాదు. అయినను 2024 మేలో మేము పరీక్షకు తీసికొనిపోయితిమి. పరీక్షకుడు బ్రేకులను ప్రత్యేకముగా మెచ్చుకొనెను. నూనె కొంచెము కారుచున్నదని మాత్రము వ్రాసెను.

మొదటి షికారునకు అమ్మినవారినే యెక్కించుకొంటిమి. ఆమె తలకు రుమాలు కట్టుకొని వచ్చి, ఆసనము క్రింద చేయిపెట్టి యేదో వెదకి, అది లేకపోగా ఊరకుండిరి. నదివెంట రెండు మైళ్లు పోవువఱకు మాటాడలేదు. తరువాత, తమ భర్త ఎల్లప్పుడు మితిమీరిన వేగముతో నడిపెడివారనియు, అందుచే తామెన్నడును ఈ బాటలో నదిని చూడలేదనియు చెప్పి, ఇంకను మెల్లగా పోనిమ్మని మా వారిని కోరిరి.

ఇద్దరికే చోటగుటచే ఆదివారములు మేము ముగ్గురము వంతులు వేసికొనుచున్నాము. సీసము కలిసిన పెట్రోలు నాటి ఇంజనగుటచే నింపినప్పుడెల్ల ఒక మందు కలుపుచున్నాము. షెడ్డులో బండి క్రింద, కారెడి నూనె పట్టుటకు మా పాత అట్లపెనము పెట్టియున్నది. శనివారము రాత్రి అది తీసి చూచి, ఎంత కారినదో నోటుబుస్తకమున వ్రాసికొనుట మా వంతు.